మూడో కుర్చీ ఎవరిది?

ఇంతవరకు ఈ పేజీల్లో మన ఇంటిపేర్ల గురించి, మన పెద్దలు ఈ పక్కకు వచ్చిన దారి గురించి, సంక్రాంతికి ఎద్దులను సింగారించే తీరు గురించి రాసుకుంటా వచ్చినాము. ఈసారి రాసేది పండగ మాట కాదు. అయినా వంశవృక్షంతోనే మొదలుపెట్టాల్సి ఉంది.

పాత కాగితాల్లో వంశవృక్షాలు చూస్తే కొన్ని పేర్ల కింద గీత ఆగిపోతుంది. 'సంతానం లేదు' అని రాసి ఉంటుంది. కొన్నిచోట్ల గీత ఉంటుంది, కొసన పేరే ఉండదు. ఎవరబ్బా అని అవ్వలను అడిగితే 'వానికి బుద్ధి ఎదగలేదు నాయనా, ఊరికే ఉండె, పోయె' అంటారు. ఊరికే ఏమీ ఉండలేదు. ఆవులు తోలినాడు, కట్టెలు మోసినాడు, రాగులు కొట్టేటప్పుడు కళ్ళం కావలి కాసినాడు. ఇంటికి అన్ని పనులూ చేసిన మనిషి కాగితం మీదికి మాత్రం రాలేదు. ఉద్దనపల్లి చుట్టుపక్కల మన తెలుగు ఇండ్లలో ఇట్లాంటి గీతలు ఎన్ని ఉన్నాయో ఎవరికి వాళ్ళు తమ ఇంటి కాగితం తీసి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ పేరు లేనివాళ్ళకు చట్టం ఒక కుర్చీ వేస్తా ఉంది. అందుకే ఈ మాట.

2025 ఏప్రిల్ 16న తమిళనాడు శాసనసభలో ముఖ్యమంత్రి స్టాలిన్ రెండు బిల్లులు పెట్టినారు. నగరాల్లో, పట్టణాల్లో, ఊర్లలో ఉండే స్థానిక సభలన్నిటిలోనూ వైకల్యం ఉన్నవాళ్ళను నియమించాలని వాటి సారం. ఎన్నికల్లో నిలబడి గెలవాల్సిన పని లేదు, నామినేషన్ ద్వారానే సభ్యులవుతారు. అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నగర, పట్టణ సభల్లో సుమారు 650 మంది, గ్రామ పంచాయతీల్లో 12,913 మంది, యూనియన్లలో 388, జిల్లా పంచాయతీల్లో 37. అంటే ఊరికి ఒకరు. మన ఉద్దనపల్లి పంచాయతీకి కూడా ఒకరు. మన జిల్లాలో 2019 డిసెంబరులో ఎన్నికైన పంచాయతీల కాలం 2025 జనవరి 5తో ముగిసిపోయింది. ప్రత్యేక అధికారుల చేతికి పోయింది. మళ్ళీ ఎన్నికలు జరిగి కొత్త పంచాయతీ కూర్చునేటప్పుడు ఆ కుర్చీలో ఎవరు అనే ప్రశ్న వస్తాది.

మా భయం ఏమిటంటే, ఆ కుర్చీ మళ్ళీ మాట్లాడగలిగేవాళ్ళకే పోతుంది. కాలు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు రాకూడదని మేము అనడంలేదు. వాళ్ళు దశాబ్దాలుగా రోడ్డెక్కి కొట్లాడినందుకే ఈ చట్టం వచ్చింది. కానీ లెక్క చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వైకల్యం ఉన్నవాళ్ళు 2 కోట్ల 68 లక్షలు. అందులో బుద్ధిమాంద్యం అని రాయించుకున్నవాళ్ళు సుమారు 15 లక్షలు. నూటికి ఆరుగురు కూడా కాదు. ఊరికి ఒకే ఒక్క కుర్చీ ఉంటే ఆ ఆరుగురి వంతు ఎప్పుడు రావాలి? పైగా వాళ్ళు అర్జీ పట్టుకొని పార్టీవాళ్ళ ఇంటి ముందర నిలబడలేరు. వాళ్ళ అమ్మానాన్నలకు వాళ్ళను ఇంట్లో ఒంటిగా విడిచిపెట్టి పోయేకి వీలుండదు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు, ముందే జరిగి ఉండాది. 1999లో కేంద్రం నేషనల్ ట్రస్ట్ చట్టం తెచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికంటే ఎక్కువ వైకల్యాలు, ఈ నాలుగింటి కోసమే ఆ చట్టం. దాని కింద జిల్లాల్లో స్థానిక స్థాయి కమిటీలు పెట్టినారు. ఇది తమిళనాడుకు మాత్రమే కాదు, సోలాపూరులో ఉన్న మన వాళ్ళకూ, బళ్ళారిలో, గంజాంలో ఉన్న మన వాళ్ళకూ వర్తించేదే. అందుకే కొంచెం విడమరిచి చెప్తాము.

ఆ కమిటీలో మూడు కుర్చీలు. ఒకటి కలెక్టరు హోదాకు తగ్గని అధికారిది. రెండోది నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధిది. మూడోది వైకల్యం ఉన్న మనిషిది. మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ముఖ్యమైన పని ఏమిటంటే, 18 ఏండ్లు నిండిన మనిషికి సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఎవరు, ఏ పనుల కోసం అని తేల్చడం. బ్యాంకు ఖాతా, భూమిలో భాగం, ఆసుపత్రి సంతకం, అన్నీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి. సంరక్షకుడుగా వచ్చినవాడు ఆరు నెలల్లోపల ఆస్తి పట్టీ ఇయ్యాలి, ఏటేటా లెక్క చూపించాలి. సరిగ్గా చూసుకోకుంటే తీసేసే అధికారం కమిటీకి ఉంది. చాలా మంచి ఏర్పాటు. మన వైపు భూమికి ఇప్పుడు ఉండే ధర చూస్తే, సిప్కాట్ మాట వచ్చినాక ఎకరా ఎంతకు పోతుందో చూస్తే, 'తమ్ముడికి ఏమీ తెలీదు, వాని భాగం నేను చూసుకుంటాను' అనే అన్నలు ఎందుకు ఎక్కువవుతున్నారో తెలుస్తుంది.

సరే, మూడో కుర్చీకి వద్దాము. దానికి అర్హత ఏమిటి? చట్టం చెప్పేది, 1995 నాటి వికలాంగుల చట్టం ప్రకారం వైకల్యం ఉన్న మనిషి అని. అంటే ఏ వైకల్యమైనా సరే. పోలియో వచ్చి కాలు ఈడ్చి నడిచే ఒక రిటైర్డు మేష్టరుగారు కూర్చున్నా చట్టం నెరవేరినట్లే. బుద్ధి ఎదుగుదల గురించి పెట్టిన కమిటీలో ఆ అనుభవం ఉన్న మనిషి ఒక్కరూ లేకుండా పోవచ్చు, తప్పు ఎక్కడా కనపడదు.

మా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ పనిలో ఇట్లాంటిది రోజూ చూస్తాము. రిక్వైర్‌మెంట్ పట్టీలో ఉన్నవన్నీ టిక్కు పడి ఉంటాయి, వాడేవాడు వచ్చి కూర్చుంటే మొదటి స్క్రీనులోనే నిలిచిపోతాడు. అందుకే చివరలో నిజంగా వాడే మనిషినే కూర్చోబెట్టి చూపించాలనే నియమం పెట్టుకున్నారు. ఆ మనిషికి బదులుగా మేనేజరును కూర్చోబెడితే పరీక్ష ఎప్పుడూ పాసే అవుతుంది.

ఇంక భాష మాట. ఇంటి బయట తెలుగు రాష్ట్రం లేని మనలాంటివాళ్ళకు ఇదే అసలు సంగతి.

మన పక్క ఒక పిల్లోనికి మూడేండ్లు వచ్చినా మాట రాలేదంటే ఏం జరుగుతుంది? ఇంట్లో తెలుగు. అంగన్‌వాడీలో, బస్సులో, ఆఫీసులో తమిళం. బెంగళూరుకు చూపించడానికి తీసుకొనిపోతే కన్నడం. థెరపీ సెంటర్లో రాసిచ్చే కాగితం ఇంగ్లీషు. అప్పుడు ఎవరో ఒకరు చెప్తారు: 'ఇన్ని భాషలు పెట్టుకొని పిల్లోన్ని గందరగోళం చేస్తున్నారు, ఇంట్లో తెలుగు నిలిపేయండి, ఒకే భాష మాట్లాడండి.' మా బంధువుల్లోనే ఒక ఇంటికి ఒక థెరపీ సెంటరులో ఇదే సలహా ఇచ్చినారు. ఆ ఇంట్లో అవ్వకు తెలుగు తప్ప ఇంకో భాష సరిగ్గా రాదు. అంటే దినమంతా ఆ పిల్లోనితో ఉండే మనిషిని నోరు మూసుకోమన్నట్లయింది. తల్లి వచ్చీరాని తమిళంలో వానితో మాట్లాడేది. ఆరు నెలలకు ఇల్లు నిశ్శబ్దమైంది, వాడు మాత్రం ఏ భాషలోనూ ముందుకు పోలేదు.

ఈ సలహాకు ఆధారం గట్టిది కాదు. కెనడాలో ఎలిజబెత్ కే-రేనింగ్ బర్డ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్ళు డౌన్ సిండ్రోమ్ ఉండి రెండు భాషల మధ్య పెరిగే పిల్లలను, ఒకే భాషలో పెరిగే పిల్లలను పోల్చి చూసి 2005లో ఫలితాలు అచ్చువేసినారు. రెండు భాషలు ఉన్నందువల్ల ఆ పిల్లలు మరింత వెనకబడినట్లు కనపడలేదు. ఆ తరువాత ఆటిజం పిల్లల విషయంలో వచ్చిన పరిశోధనలు కూడా చాలామటుకు ఆ పక్కనే నిలబడినాయి. ఇంటి భాష తీసేస్తే పిల్లోనికి భాష కుదురుతుందనేది అలవాటుగా చెప్పే మాట మాత్రమే.

ఇంకొకటి. అదే పిల్లోడు పెద్దయినాక వైకల్యం శాతం తేల్చే పరీక్షకు ఒకచోటికి తీసుకొనిపోయినాము. రంగులు చూపించి తమిళంలో అడిగినారు. వాడు బదులు చెప్పలేదు. బొమ్మలు చూపించి అడిగినారు, చెప్పలేదు. కాగితంలో 'స్పందన లేదు' అని పడింది. బయటికి వచ్చినాక అవ్వ అదే ఎర్రది, పచ్చది అడిగితే చెప్పినాడు, మెల్లగా అయినా చెప్పినాడు. మా ఇంట్లో ఒక పెద్దాయన అన్నారు: 'పోనీలేప్పా, పర్సెంటు ఎక్కువ వస్తే మంచిదే కదా, పింఛను సులభంగా వస్తాది.' అందులో నిజం లేకపోలేదు. బుద్ధిమాంద్యానికి తమిళనాడు ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది. పేదింటికి అది చిన్నది కాదు. కానీ అదే కాగితం రేపు సంరక్షకుడి అర్జీతోపాటు కమిటీ ముందరికి పోతుంది. 'వీడికి ఏమీ తెలీదు' అని తేల్చడానికి అదే సాక్ష్యం అవుతుంది. వానికి తెలిసింది తెలుగులో ఉంది, సాక్ష్యంలో తెలుగు లేదు.

మేము చదివింది కన్నడ మీడియం బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడి ఒకటో తరగతిలో కన్నడ అక్షరాల ముందర కూర్చున్న పిల్లలు నెలల తరబడి నోరు తెరవకుండా ఉండేది మా కండ్లారా చూసినాము. వాళ్ళకు బుద్ధి లేదని ఎవరూ రాయలేదు, నిదానంగా వస్తాదిలే అన్నారు, వచ్చింది కూడా. అదే ఓపిక ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు అయిపోతుందో మాకు అర్థం కాదు. వాళ్ళకే కదా ఎక్కువ కావాల్సింది.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నది, 12వ సెక్షనులో న్యాయం పొందే విషయం మాట్లాడుతూ, వైకల్యం ఉన్న మనిషి చెప్పే సాక్ష్యం గానీ అభిప్రాయం గానీ ఆ మనిషికి ఇష్టమైన భాషలో, వీలైన పద్ధతిలో నమోదు చేసే వసతి ఉండాలని చెప్తుంది. మాటలో గానీ, బొమ్మలో గానీ, సైగలో గానీ. 14వ సెక్షనులో సంరక్షకత్వం కూడా మారింది. పూర్తిగా వాని బదులు నిర్ణయం తీసుకోవడం కాదు, ఇద్దరూ కలిసి నమ్మకంతో తీసుకునే పరిమిత సంరక్షకత్వం. రాజ్యాంగంలో 350ఎ కూడా ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. మన తెలుగు సంఘాలు దాన్ని పట్టుకొని బడుల కోసం మాట్లాడినాయి, మంచిదే. మాట రాని పిల్లలకు తెలుగులో థెరపీ అనే కోరిక మాత్రం ఆ తీర్మానాల్లో మేము ఎప్పుడూ చూడలేదు. పద్యాల పోటీలకు పందిరి వేసినంత సులభం కాదు మరి.

బయటి దేశంలో ఉన్న మన బంధువులకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెప్తాము. అమెరికాలో 1970లో వచ్చిన చట్టంతో మొదలై, రాష్ట్రానికొక డెవలప్‌మెంటల్ డిజేబిలిటీస్ కౌన్సిల్ ఉంటుంది. దాని పని ఆసుపత్రి నడపడం కాదు. ప్రభుత్వం ఈ మనుషుల కోసం చేసేది సరిగ్గా ఉందా అని అడగడం, కొత్త దారులు చెప్పడం, చట్టసభల ముందర మాట్లాడడం. సభ్యుల్లో నూటికి 60 మందికి తగ్గకుండా ఎదుగుదల వైకల్యం ఉన్నవాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు, సంరక్షకులు, కుటుంబంవాళ్ళే ఉండాలి. ఆ 60లోనూ మూడో వంతు స్వయంగా వైకల్యం ఉన్నవాళ్ళు, మూడో వంతు కుటుంబంవాళ్ళు, మిగతాది ఇద్దరూ కలిసి. అక్కడ అంతా బాగుందని మేము చెప్పడంలేదు. లెక్క రాసిన తీరు చూడమంటున్నాము. ఏ వైకల్యం గురించి సభో ఆ వైకల్యం ఉన్నవాళ్ళే అని తేటగా రాసినారు, ఎవరో ఒకరు అని విడిచిపెట్టలేదు.

మన దేశంలో 2016 చట్టం ప్రకారం రాష్ట్ర సలహా బోర్డు కూడా ఉండాలి, ఆరు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. జిల్లా కమిటీలు వేరే. కాగితం మీద కుర్చీలకు కొరత లేదు.

'సరే, బుద్ధి ఎదగని మనిషిని పంచాయతీలో కూర్చోబెట్టి ఏం చేస్తారు?' అని అడిగేవాళ్ళు ఉన్నారు. మా ఇంట్లోనే అడిగినారు. అడగాల్సిన ప్రశ్నే. మా బదులు రెండు రకాలుగా ఉంది. ఒకటి, బుద్ధిమాంద్యం అంటే అందరికీ ఒకటే కొలత కాదు. రాయకోట మార్కెట్లో టమాటా పెట్టెలు లెక్కపెట్టి సరిగ్గా ఎక్కించేవాళ్ళు ఉన్నారు, ఎవరు మంచివాళ్ళో ఎవరు ఎగతాళి చేస్తారో మనకంటే ముందే కనిపెట్టేవాళ్ళు ఉన్నారు. 'బస్సు ఎక్కేటప్పుడు కండక్టరు అరుస్తాడు, నాకు భయం' అని ఒక మాట చెప్పగలిగితే చాలు, పంచాయతీకి తెలియాల్సింది అదే. పక్కన సాయానికి నమ్మకమైన మనిషి ఒకరు కూర్చొని, విషయం తేలిక మాటల్లో చెప్పి, వాళ్ళు చెప్పింది సభకు చెప్పాలి. రెండోది, ఏ మాటా రానివాళ్ళ తరపున తల్లో తండ్రో అక్కో మాట్లాడాల్సి వస్తుంది. దీనికి తల్లిదండ్రుల సంఘాలు ఉన్నాయి. 1995లో అవన్నీ కలిసి పరివార్ అనే జాతీయ సమాఖ్య కట్టుకున్నాయి.

అయితే ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. తల్లిదండ్రులకు కావలసింది, బిడ్డకు కావలసింది ఎప్పుడూ ఒకటే కాదు. 'మేము పోయినాక వీణ్ణి ఎవరు చూసుకుంటారు' అనేది అమ్మానాన్నల దిగులు. అందుకోసం హాస్టలో హోమో అడుగుతారు. బిడ్డ అడిగేది అవ్వ దగ్గర ఉండాలని, ఆవుల దగ్గర ఉండాలని అయితే? భూమి ఉన్న ఇంట్లో అన్న మాట్లాడేటప్పుడు అది తమ్ముడి మాటేనా అని ఎవరు చూస్తారు? అందుకే కుటుంబానికే కుర్చీ ఇచ్చేస్తే చాలు అనే వాదం మాకు సమ్మతం కాదు. కుటుంబం పక్క కుర్చీలో ఉండొచ్చు.

తెలుగులో ఈ పని జరగనే జరగదని కాదు. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఇప్పుడు నీపిడ్ అనే పేరుతో నడుస్తా ఉంది, తెలుగు పిల్లలతో రోజూ పనిచేసేవాళ్ళు అక్కడ ఉన్నారు. చెన్నై పక్కన ముట్టుకాడులో 2005లో వచ్చిన నీప్మెడ్ తమిళనాడుకు దగ్గర. ఈ రెండింటి మధ్య మన కృష్ణగిరి జిల్లా తెలుగు పిల్లోడు ఎటూ కాకుండా పోతున్నాడు. తెలుగులో ఉండే పరీక్షల పట్టీ, తెలుగు తెలిసిన మనిషి ఒకరు, నెలకు ఒక దినం హొసూరుకో కృష్ణగిరికో వచ్చేటట్లు చేయమని అడగడం పెద్ద కోరిక కాదు. అడగాల్సిన చోటు ఆ కమిటీనే, అడిగే మనిషే అక్కడ లేడు.

కాబట్టి మా ఇంటివాళ్ళం అనుకున్నది ఇది. తమిళనాడులో ఏడాదికి ఆరు గ్రామసభలు: జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. పంచాయతీ సభ్యులు లేకున్నా సభ జరుగుతుంది, అర్జీ ఇయ్యొచ్చు, తీర్మానంగా రాయమని అడగొచ్చు. మేము ఇచ్చే అర్జీలో మూడే మాటలు. నియమించే సభ్యుల్లో ఒక విడత తప్పకుండా ఎదుగుదల వైకల్యం ఉన్న మనిషికి పోవాలి, సాయానికి ఒకరిని కూర్చోనీయాలి. జిల్లా కమిటీలో మూడో కుర్చీ ఖాళీ అయినప్పుడు అదే రకంగా నింపాలి. శాతం తేల్చేటప్పుడు, సంరక్షకుణ్ణి తేల్చేటప్పుడు ఇంటి భాష ఏదని ముందు అడిగి కాగితంలో రాయాలి. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే దినం కూడా దీన్నే ఇస్తాము. ఉద్దనపల్లి నుంచి కృష్ణగిరికి పోయి రావడం ఒక దినం పని, కూలి పోతుంది. అందుకని నలుగురి బదులు ఒకరు పోయే ఏర్పాటు చేసుకోవాలి.

దీనితోపాటు మన ఇండ్లలో ఇట్లాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒక పట్టీ తయారు చేస్తున్నాము. పేర్లు బయట పెట్టము. వయసు, ఇంటి భాష, కార్డు ఉందా, నిరామయ బీమా ఉందా అనేవి మాత్రమే. నిరామయ అంటే నేషనల్ ట్రస్ట్ ఇచ్చే ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు. ఇంతవరకు మేము అడిగిన ఇండ్లలో ఎక్కువమందికి ఆ పేరే తెలీదు. వంశవృక్షంలో ఖాళీగా ఉన్న కొసలు కూడా నింపుతున్నాము, అవ్వలు ఉండంగానే. రెండు పేర్లు ఇప్పటికే దొరికినాయి.

అర్జీని తమిళంలో, తెలుగులో రెండిట్లోనూ రాస్తున్నాము. తమిళంలో తప్పు లేకుండా రాసేవాళ్ళు మా వీధిలోనే నలుగురు దొరికినారు. తెలుగు ప్రతికి ఇంకా మనిషి కావాలి. మేము రాసింది చూసి సరిదిద్దగలిగిన వాళ్ళు ఎవరైనా ఉంటే అక్టోబరు 2 గ్రామసభకు ముందు చెప్పండి.